వేసవి క్రిస్మస్‌కి అమ్మానాన్నలు మెల్‌బోర్న్ వస్తున్నారా? సెలవుల ప్లాన్ ఇలా వేయండి

అక్టోబర్ వచ్చిందంటే చాలామంది అడిగేది ఇదే: "డిసెంబర్‌లో అమ్మావాళ్లు వస్తున్నారు, పిల్లలకీ సెలవులే, ఎక్కడెక్కడికి తిప్పాలి?" చూడాల్సిన చోట్ల జాబితా ఎవరైనా ఇస్తారు. ఏ పూట బయల్దేరాలి, ఎంతసేపు తిప్పాలి, మధ్యలో ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. సెలవులు బాగా గడిచేదీ, అందరూ అలిసిపోయి చిరాకుపడేదీ అక్కడే.

డెబ్బై ఏళ్ల తాతయ్య, ఆరేళ్ల మనవడు ఒకే కారులో ఉన్నప్పుడు రోజును తాతయ్య ఒంటికి తగ్గట్టు కట్టుకోవాలి. పిల్లలు ఎలాగోలా సర్దుకుంటారు. పెద్దవాళ్ల మోకాళ్లు సర్దుకోవు.

ఇక్కడ ఊళ్ల పేర్లన్నీ మెల్‌బోర్న్ చుట్టుపక్కలవే. మిగతా నగరాల వాళ్లు పద్ధతి తీసుకుని పేర్లు మార్చుకోండి.

1. తేదీలు: పండుగ ముందు రోజు దింపుకోకండి

విక్టోరియాలో స్కూళ్లు క్రిస్మస్‌కి కొద్దిరోజుల ముందు మూసి, జనవరి చివర్లో తెరుస్తారు. టికెట్లకు గిరాకీ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. వీలైతే నవంబర్ చివర్లోనో, డిసెంబర్ మొదటి వారంలోనో రప్పించండి. సంక్రాంతి ఇక్కడే జరుపుకుని, ఆ తర్వాత తిరుగు ప్రయాణం పెట్టుకోవచ్చు.

ముందే రప్పించడానికి ఇంకో కారణం ఉంది. డేలైట్ సేవింగ్ వల్ల డిసెంబర్‌లో మెల్‌బోర్న్ గడియారం ఇండియా కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. ఇంటిదగ్గర తెల్లవారుజామున 5కి లేచే నాన్నకి ఇక్కడ మెలకువ వచ్చేసరికి పదిన్నర. రాత్రి రెండయినా నిద్రపట్టదు. ఇది సర్దుకోవడానికి వారం పడుతుందనుకోండి. ఆ వారంలో ఏ టూరూ పెట్టకండి.

హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగానో, కౌలాలంపూర్ మీదుగానో ఒక్కచోటే మారే టికెట్ తీసుకోండి. మారేచోట కనీసం రెండున్నర గంటల వ్యవధి ఉండాలి. టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ సాయం అడగండి. "నేను నడవగలనురా" అని నాన్న అంటారు, వినకండి. వీల్‌చైర్ ఉంటే పక్కన దారి చూపించే మనిషి ఉంటారు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు కుర్చీ కంటే ఆ మనిషితోనే ఎక్కువ పని.

2. మందులు, బీమా, కాగితాలు

ఇండియాకీ ఆస్ట్రేలియాకీ మధ్య వైద్య ఒప్పందం లేదు. అంటే విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం) వర్తించదు, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినా బిల్లు కట్టాలి. బీమా లేకుండా విమానం ఎక్కించకండి. పాలసీ కొనేటప్పుడు చూడాల్సింది రెండే: ఇప్పటికే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు వర్తిస్తుందా, అంబులెన్స్ ఖర్చు అందులో ఉందా.

మందులు మూడు నెలలకు సరిపడా తెచ్చుకోవచ్చు. డాక్టర్ రాసిన చీటీ ఇంగ్లిష్‌లో ఉండాలి, మాత్రలు అసలు ప్యాకింగ్‌లోనే ఉండాలి. మాత్రలన్నీ విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకురావడం మన పెద్దవాళ్ల అలవాటు. ముందే చెప్పి ఆపండి. ఇండియా చీటీ చూపిస్తే ఇక్కడి మందుల షాపులో మందు ఇవ్వరు, ఇక్కడి డాక్టరే రాయాలి. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు క్రిస్మస్ గడిచాక ఒక జీపీ (మామూలు డాక్టర్) అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

☐ మందులు చేతి సంచిలో (చెక్-ఇన్ పెట్టెలో కాదు), చీటీ రెండు కాపీలు
☐ బీమా పాలసీ నంబరు, మీ చిరునామా, మీ ఫోన్ నంబరు ఒకే కాగితం మీద, పెద్ద అక్షరాల్లో
☐ ఇండియా సిమ్‌కి రోమింగ్ (బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే)
☐ కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే నవంబర్‌లో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్. రాష్ట్ర పింఛనైతే ట్రెజరీ గడువు కనుక్కోవాలి
☐ కళ్లద్దాలు ఇంకో జత
☐ వీసా లెటర్‌లో ఎన్ని నెలలు ఉండొచ్చో, 8503 షరతు ఉందో లేదో (అది ఉంటే ఇక్కడి నుంచి గడువు పెంచుకోవడం చాలా కష్టం)

3. పెట్టెలో ఏం పెట్టాలి, ఏం డిక్లేర్ చేయాలి

"అక్కడ ఎండాకాలం" అని చెబితే నూలు చీరలు, పంచెలు సర్దుకొస్తారు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉండి, దక్షిణపు గాలి తిరగగానే గంటలోపే ఇరవైకి పడిపోవడం మామూలే. ఒక్కొక్కరికి ఒక స్వెటర్, ఒక శాలువా, మేజోళ్లు తప్పనిసరి. చెప్పుల బదులు పట్టు ఉన్న బూట్లు ఇండియాలోనే కొని, ఒక నెల నడిచి అలవాటు చేసుకుని రమ్మనండి. కొత్త బూట్లతో ఇక్కడ మొదటిరోజే బొబ్బలెక్కుతాయి.

తినుబండారాల విషయంలో ఒకటే సూత్రం: అన్నీ డిక్లేర్ చేయాలి. విమానంలో ఇచ్చే ఇన్‌కమింగ్ ప్యాసింజర్ కార్డులో ఆహారం, గింజలు, మొక్కల వస్తువులు అన్నచోట "అవును" అని టిక్ పెట్టమనండి. ఉన్నది చెబితే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు. చెప్పకపోతే వేల డాలర్ల దాకా జరిమానా, ఒక్కోసారి వీసా రద్దు కూడా.

పచ్చి కరివేపాకు, తమలపాకులు, నాటుకునే గింజలు, పాలకోవా, కలాకండ్ అసలు పెట్టకండి. కారప్పొడులు, పచ్చళ్లు తెచ్చేట్టయితే షాపులో సీల్ వేసి, మీద పేరు రాసి ఉన్నవే మేలు. నిజానికి టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఇండియన్ షాపుల్లో దొరకనిది దాదాపు లేదు. అమ్మ చేతి ఆవకాయ సంగతి వేరే, దానికి జవాబు నా దగ్గర లేదు. డిక్లేర్ చేసి దణ్ణం పెట్టుకోవడమే.

4. ఇల్లు సిద్ధం చేయడం

వాళ్ల గది బాత్రూంకి దగ్గరగా ఉండాలి. మేడ మీద గది ఎంత బాగున్నా వద్దు. స్నానాలగదిలో జారని మ్యాట్, రాత్రి వెలిగే చిన్న లైటు, ఒక మగ్గు పెట్టండి. టీవీ రిమోట్, ఇండక్షన్ పొయ్యి, తలుపు లాక్ మూడూ మొదటిరోజే వాళ్ల చేతే వాడించి చూపించండి.

కూలింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ చాలా ఇళ్లలో ఉండేది ఎవాపరేటివ్ కూలింగ్, అంటే మన ఎయిర్ కూలర్‌కి పెద్దన్న లాంటిది. అది పనిచేయాలంటే కిటికీలు కాస్త తెరిచి ఉండాలి. పెద్దవాళ్లు ఏసీ అనుకుని తలుపులు, కిటికీలు అన్నీ బిగిస్తారు, ఇల్లు తేమతో ఉక్కపోస్తుంది, "మీ ఏసీ పనిచేయట్లేదు" అని మీరు ఆఫీసులో ఉండగా ఫోన్ వస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఏదో చెప్పి, తెరవాల్సిన కిటికీలకు రంగు టేపు అంటించండి.

5. రోజును మూడు ముక్కలు చేయండి

ఈ భాగం ఒక్కటి పాటించినా సగం ఇబ్బందులు తప్పుతాయి.

క్రిస్మస్ రోజుల్లో మెల్‌బోర్న్‌లో సూర్యాస్తమయం రాత్రి 8:45 ప్రాంతంలో. మధ్యాహ్నం యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక 11 దాటడం సాధారణం. అది 3కి చేరినా రక్షణ కావాలని ఇక్కడి ఆరోగ్య శాఖ సలహా. 26 డిగ్రీలే కదా, మన విజయవాడ ఎండ ముందు ఇదెంత అని నాన్న టోపీ లేకుండా నడుస్తారు. ఇక్కడ చర్మం కాలేది వేడికి కాదు, యూవీకి. చల్లగా ఉన్నరోజు కూడా కాలుతుంది.

అందుకని:

- పొద్దున 7 నుంచి 10:30: గుడి, వాకింగ్, పార్కు, సిటీ పనులు.
- 11 నుంచి 4: ఇల్లు, భోజనం, నిద్ర. బయట ఉండక తప్పకపోతే కప్పు కింద ఉండే చోటు.
- సాయంత్రం 5 నుంచి 8:30: అసలు షికారు ఇదే. బీచ్, పిక్నిక్, కొండ, పిల్లల ఆటలు అన్నీ ఇందులోనే.

మన ఊళ్లో సాయంత్రం ఆరున్నరకి చీకటి పడుతుంది కాబట్టి "పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు రావాలి" అన్న లెక్క మనలో నాటుకుపోయింది. ఆ లెక్కతో తొమ్మిదికి బయల్దేరితే సరిగ్గా ఎండ మండేవేళకి బీచ్‌లో ఉంటారు. సాయంత్రం అయిదింటికి బయల్దేరినా మూడున్నర గంటల వెలుతురు చేతిలో ఉంటుంది.

ఒకరోజు బయటికి వెళితే మర్నాడు ఇల్లే. వరసగా రెండురోజులు దూర ప్రయాణం పెట్టకండి.

6. కారు

మీరిద్దరూ, తాతయ్య, నానమ్మ, ఇద్దరు పిల్లలు కలిస్తే ఆరుగురు. సెడాన్ చాలదు. ఏడు సీట్ల కారుంటే పెద్దవాళ్లను మూడో వరసలో కూర్చోబెట్టకండి, ఎక్కడానికీ దిగడానికీ మోకాళ్లు ఒప్పుకోవు. పిల్లల్ని వెనక్కి పంపాలి. విక్టోరియాలో ఏడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు గానీ బూస్టర్ గానీ ఉండాల్సిందే. మీ కారు మూడో వరసలో సీటు పట్టీ తగిలించే యాంకర్ ఉందో లేదో ఈవారమే చూసుకోండి. కొన్ని కార్లలో ఉండదు.

అద్దె కారైతే ఎనిమిది సీట్ల పీపుల్ మూవర్ అడగండి. డిసెంబర్‌లో అవి త్వరగా అయిపోతాయి, అక్టోబర్‌లోనే బుక్ చేయాలి. వెనక సీట్లో పెద్దవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని ముందే చెప్పండి. చీర మీద బెల్టు నలుగుతుందని అమ్మ పేచీ పెడితే దూర ప్రయాణానికి పంజాబీ డ్రెస్ తేలిక.

కారులో ఎప్పుడూ ఉండాల్సినవి:

☐ తాగునీళ్లు, నీళ్ల సీసా ఇంకోటి (టాయిలెట్లలో కాగితమే ఉంటుంది)
☐ ఎస్‌పీఎఫ్ 50+ సన్‌స్క్రీన్, అంచున్న టోపీలు, గొడుగు
☐ మడత కుర్చీలు రెండు, వీపుకి ఆనుకునేవి
☐ శాలువాలు
☐ ఎస్కీలో (చల్లగా ఉంచే పెట్టెలో) పెరుగన్నం, మజ్జిగ, విడిగా పులిహోర
☐ ఆ పూట మందులు, గ్లూకోజ్ బిస్కెట్లు

షుగర్ ఉన్నవాళ్లతో, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లతో వెళ్లేముందు నేషనల్ పబ్లిక్ టాయిలెట్ మ్యాప్‌లో దారిలోని టాయిలెట్లు చూసుకోండి. నాన్న అడగరు, బిగబట్టుకుంటారు. గంటకోసారి మీరే ఆపండి.

7. షికార్లు: దగ్గరివి ముందు, దూరంవి తర్వాత

మొదటి వారం, ఇంటికి అరగంటలో. పార్కు, లైబ్రరీ, దగ్గరి బీచ్. ఆల్టోనా, విలియమ్స్‌టౌన్ లాంటి బే బీచ్‌లలో అలలు చిన్నవి, పెద్దవాళ్లు పాదాలు తడుపుకోవచ్చు. అలలు పెద్దగా ఉండే సర్ఫ్ బీచ్‌లో ఎరుపు-పసుపు జెండాల మధ్యనే దిగాలి. జెండాలు లేకపోతే ఎవరూ దిగొద్దు. మోకాలి లోతు నీళ్లలోనే తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని లాగేస్తుంది, చెయ్యి పట్టుకుని ఉండండి.

రెండో వారం, సగం రోజువి. కారమ్ డౌన్స్‌లోని శివ విష్ణు ఆలయానికి పొద్దున వెళ్లండి. డిసెంబర్ మధ్య నుంచి ధనుర్మాసం కాబట్టి అమ్మ ఎలాగూ అడుగుతుంది. క్రైస్తవ కుటుంబాలైతే తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో, క్రిస్మస్ ముందు రాత్రి ప్రార్థన ఎన్నింటికో ఇప్పుడే కనుక్కోండి.

పఫింగ్ బిల్లీ ఆవిరి రైలు బెల్‌గ్రేవ్ నుంచి లేక్‌సైడ్‌కి సుమారు గంట. బెల్‌గ్రేవ్‌లో ఎక్కి, లేక్‌సైడ్‌లో చెరువు దగ్గర భోంచేసి వెనక్కి రండి, అంతకంటే దూరం వద్దు. టికెట్లు ముందే తీసుకోండి. క్రిస్మస్ రోజు రైలు ఉండదు. టోటల్ ఫైర్ బ్యాన్ (బయట మంట వెలిగించడం నిషేధించిన) రోజున ఆవిరి ఇంజన్ బదులు డీజిల్ వస్తుంది, పిల్లలకు ముందే చెప్పకపోతే ఏడుపు ఖాయం. ఓపిక మిగిలితే దగ్గర్లోని ద బేసిన్‌లో వక్రతుండ వినాయక ఆలయం ఉంది, గుడివేళలు చూసుకుని కలుపుకోండి.

వెరిబీ ఓపెన్ రేంజ్ జూ నడవలేనివాళ్లకు మంచిది, ఎందుకంటే బస్సులో కూర్చునే జిరాఫీలనూ ఖడ్గమృగాలనూ చూడొచ్చు. విక్టోరియా స్కూలు సెలవుల్లో 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం.

వ్యవసాయం చేసిన తాతయ్యలకు జూ కంటే తోటే ఇష్టం. నవంబర్, డిసెంబర్ నెలల్లో యారా వ్యాలీ వైపు డబ్బులిచ్చి మనమే కోసుకునే చెర్రీ తోటలు ఉంటాయి. చెట్టు ఎంత దూరంలో నాటారు, నీళ్లు ఎలా పెడుతున్నారు, పక్షులకు వల ఎలా కప్పారు అని ఆయన గంటసేపు చూస్తారు, తొందరపెట్టకండి.

మూడో వారం తర్వాత, రాత్రి బస చేసేవి. ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లు ఒడ్డెక్కేది చీకటి పడ్డాకే, అంటే డిసెంబర్‌లో రాత్రి తొమ్మిది దాటాక. చూసి బయటపడేసరికి పదిన్నర, ఇంటికి రెండు గంటల డ్రైవు. పెద్దవాళ్లతో అదేరోజు తిరిగి రావొద్దు, ఆ దీవిలోనే ఉన్న కౌస్ ఊళ్లో ఒక రాత్రి ఉండండి. పగలు ఎంత ఎండ కాసినా అక్కడ రాత్రి సముద్రపు గాలి కోసేస్తుంది, దుప్పటి కూడా పట్టుకెళ్లండి. ఫొటోలు తీయనివ్వరు, నానమ్మకి ముందే చెప్పండి, ఊళ్లో చూపించడానికి తీద్దామని ఫోన్ బయటికి తీస్తే సిబ్బంది వచ్చి ఆపుతారు.

గ్రేట్ ఓషన్ రోడ్డును ఒక్కరోజులో చుట్టిరావడం డ్రైవర్‌కి కష్టం, వెనక కూర్చున్నవాళ్లకు నరకం. ఇలా చేయండి: మొదటిరోజు టోర్కీ మీదుగా లోర్న్, అక్కడ భోజనం, సాయంత్రానికి అపోలో బే చేరి బస. అటు వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు ఉంటుంది కాబట్టి అమ్మను ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లకు మాత్ర ఏది పడుతుందో డాక్టర్‌ని అడిగి లోర్న్‌లో బయల్దేరేముందే ఇవ్వండి.

రెండోరోజు పొద్దున్నే ట్వెల్వ్ అపోస్టల్స్ (సముద్రంలో నిలిచిన రాతి స్తంభాలు) చేరితే టూరిస్టు బస్సుల రద్దీ ఉండదు. అక్కడి వ్యూ పాయింట్‌కి చదునైన దారి ఉంది. పక్కనే గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు, అది పిల్లలు, మీలో ఒకరు దిగితే చాలు. తిరుగు ప్రయాణం మాత్రం కోలాక్ మీదుగా లోపలి రోడ్డున రండి. మలుపులు తక్కువ, వెనక సీట్లో అందరూ నిద్రపోతారు.

8. 24, 25, 26 తేదీలు

25న కోల్స్, ఊల్‌వర్త్స్ లాంటి పెద్ద షాపులు మూతపడతాయి. 24న బారులు తీరతాయి. పాలు, పెరుగు, కూరగాయలు 23నే తెచ్చేయండి. మందులు ఎన్ని మిగిలాయో 20వ తేదీకే లెక్కపెట్టండి, కొన్ని క్లినిక్‌లు జనవరి మొదటి వారం దాకా తెరవవు. ఒక పెట్టె మామిడిపళ్లు కూడా తెండి. ఇక్కడ క్రిస్మసే మామిడి సీజన్, డిసెంబర్‌లో మామిడిపండా అని వాళ్లు రెండురోజులు చెప్పుకుంటారు.

ఇవాన్‌హోలోని ద బూలెవార్డ్ వీధి దీపాలు క్రిస్మస్ ముందే చూడాలి. చీకటి పడేసరికి తొమ్మిదింపావు, కాబట్టి ఆరోజు మధ్యాహ్నం పిల్లల్నీ పెద్దల్నీ పడుకోబెట్టండి. సిటీలో బర్క్ స్ట్రీట్‌లోని మైయర్ షాపు కిటికీల్లోని క్రిస్మస్ బొమ్మలను పొద్దున పదిలోపు చూస్తే బారు చిన్నగా ఉంటుంది. సిటీ నడిబొడ్డున ఫ్రీ ట్రామ్ జోన్ ఉంది, పెద్దవాళ్లను నడిపించొద్దు.

25 మధ్యాహ్నం మీ వీధిలో ఎవరూ ఉండరు. సాయంత్రం పార్కుకి వెళ్లండి. పార్కుల్లో మీట నొక్కితే వేడెక్కే ఉచిత ఎలక్ట్రిక్ బార్బెక్యూలు ఉంటాయి. వాటి మీద అంతకుముందు ఎవరో మాంసం కాల్చి ఉంటారు, శాకాహారులైన అమ్మానాన్నలు ముట్టరు. పలక వేడెక్కకముందే తుడిచి, రెండు పొరల అల్యూమినియం ఫాయిల్ పరిచి, మొక్కజొన్న, పనీర్, వంకాయ ముక్కలు దాని మీద కాల్చండి. పట్టకారు కూడా ఇంటినుంచే తీసుకెళ్లండి.

26న ఎంసీజీలో బాక్సింగ్ డే టెస్టు మొదలవుతుంది. నాన్నకి క్రికెట్ పిచ్చి ఉంటే తీసుకెళ్లండి, మొదటిరోజు మాత్రం వద్దు. మూడోరోజు జనం కాస్త పలచబడతారు. నీడపడే సీటు, మెట్లు తక్కువున్న వరస అడిగి కొనండి, టీ విరామానికే బయటికి వచ్చేయండి. అదే 26న బాక్సింగ్ డే సేల్స్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లడం మాత్రం శిక్ష. 28 తర్వాత కూడా తగ్గింపులు ఉంటాయి.

9. ఎండ, మంట, పుప్పొడి

పొద్దున లేవగానే విక్‌ఎమర్జెన్సీ (విక్టోరియా ప్రమాద హెచ్చరికల) యాప్ చూడటం అలవాటు చేసుకోండి. ఫైర్ డేంజర్ రేటింగ్ "ఎక్స్‌ట్రీమ్" గానీ "కాటస్ట్రాఫిక్" గానీ ఉంటే కొండలు, అడవి దారుల ప్రయాణం మానేయండి. హోటల్ డబ్బులు పోయినా సరే.

40 డిగ్రీల రోజున కిటికీ తెరలు పొద్దున్నే దించి, పగలంతా ఇంట్లోనో, ఏసీ ఉన్న లైబ్రరీలోనో ఉంచండి. సెయింట్ కిల్డా రోడ్డులోని ఎన్‌జీవీ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా) ఆర్ట్ మ్యూజియంలో సాధారణ ప్రవేశం ఉచితం, కూర్చోవడానికి చోటు ఉంటుంది. బీపీకి నీటి మాత్రలు వేసుకునేవాళ్లు వేడిరోజుల్లో ఏం చేయాలో ఇండియాలోనే డాక్టర్‌ని అడిగి రావాలి.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. మెల్‌బోర్న్‌లో డిసెంబర్ చివరిదాకా గడ్డి పుప్పొడి కాలం. 2016 నవంబర్ 21న ఉరుములతో వచ్చిన గాలివానకి వేలమందికి ఊపిరాడక పదిమంది చనిపోయారు. ఉరుముల హెచ్చరిక ఉన్న సాయంత్రం తలుపులేసుకుని లోపలే ఉండాలి, ఇన్‌హేలర్ చేతికి అందేలా పెట్టుకోవాలి.

ఫ్రిజ్ మీద అంటించాల్సిన నంబర్లు:

☐ అత్యవసరం: 000
☐ నర్స్-ఆన్-కాల్ (ఫోన్‌లో నర్సు సలహా): 1300 60 60 24
☐ మీది, మీ ఆయన లేదా ఆవిడది, పక్కింటివాళ్లది
☐ ఇంటి చిరునామా ఇంగ్లిష్‌లోనూ, తెలుగులో ఉచ్చారణతోనూ

10. తరచూ వచ్చే చిక్కులు, విరుగుళ్లు

"మాకేం వద్దు, ఇంట్లోనే ఉంటాం." చాలాసార్లు దీని అర్థం "మీకు ఖర్చు" అనో, "నడవలేం" అనో. ధర చెప్పకండి, ఎంత నడవాలో చెప్పండి. "కారు దిగాక రెండొందల అడుగులు, అక్కడ బెంచీ ఉంది" అంటే బయల్దేరతారు.

మూడు పూటలా వంట అమ్మే చేస్తోంది. సెలవుల్లో ఇది అలవాటుగా మారిపోతుంది. బయటికి వెళ్లిన రోజు రాత్రి వంట మీది, లేదా తెప్పించుకోండి. ఆరు వారాల స్కూలు సెలవులకి తాతయ్య, నానమ్మలే పిల్లల కాపలా అన్న లెక్క కూడా వద్దు. వారంలో రెండురోజులైనా పిల్లల్ని హాలిడే ప్రోగ్రామ్‌కి పంపండి.

పిల్లలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతున్నారు, తాతయ్య మౌనంగా ఉంటున్నారు. కూర్చోబెట్టి మాట్లాడించడం కుదరదు. పని కల్పించండి: క్యారమ్స్, చెట్లకు నీళ్లు, రోజూ సాయంత్రం పార్కుకి తీసుకెళ్లే బాధ్యత. పాయింట్ కుక్, టార్నీట్ పార్కుల్లో సాయంత్రాలు మన పెద్దవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఒకరితో పరిచయం కుదిరితే చాలు, మీరు ఆఫీసుకి వెళ్లినా వాళ్లకు పొద్దు గడుస్తుంది.

షికారు మధ్యలో ఎవరికో ఓపిక అయిపోయింది. అందుకే ముందే రెండు దళాలు అనుకోండి: ఒకరు పెద్దవాళ్లతో కేఫ్‌లోనో, నీడలోనో కూర్చుంటారు, ఒకరు పిల్లలతో తిరుగుతారు. మరుసటిసారి తారుమారు. అందరూ అన్నీ చూడాలన్న పట్టుదల ఉంటే ఈ పద్ధతి కుదరదు.

జనవరి మూడో వారం నుంచి దూరాలు మానేయండి. తిరుగు ప్రయాణానికి వారం ముందు మళ్లీ వీల్‌చైర్ బుకింగ్ సరిచూసి, మందులు లెక్కపెట్టి, పెట్టె బరువు తూచండి. మనవళ్ల కోసం ఇక్కడ కొన్న బొమ్మలు ఇక్కడే ఉంటాయి కానీ, ఊళ్లో పంచడానికి అమ్మ కొన్న చాక్లెట్లు ఎప్పుడూ అనుకున్న బరువు కంటే నాలుగు కిలోలు ఎక్కువే తూగుతాయి.